టెక్ సందేహాలు: తొలి ఆర్‌సీ (రేడియో కంట్రోల్) పడవకు ఏ మోటారు కొనాలి?

ప్రశ్న: ప్లైవుడ్‌తో 60 సెంటీమీటర్ల పడవ కట్టాను. రిమోట్, చుక్కాని తిప్పే సర్వో మోటారు ఉన్నాయి. నైట్రో ఇంజిన్ పెడితేనే మజా అంటున్నాడు మా స్నేహితుడు. ఇంజిన్‌కూ మిగతా వాటికీ కలిపి నా చేతిలో ఉన్నది అయిదు వేలు. ఏది తీసుకోమంటారు?
ఇంజినీరింగ్ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: నైట్రో సంగతి ముందు తేల్చేద్దాం. దానికి బంకులో పోసే పెట్రోలు పనికిరాదు. మెథనాల్‌లో నైట్రోమీథేన్, ఆముదం లేదా సింథటిక్ ఆయిల్ కలిపిన ఇంధనం కావాలి. ప్లగ్‌ను ఎర్రగా కాల్చడానికి ఒకటిన్నర వోల్టుల ఇగ్నైటర్, ఇంజిన్‌ను తిప్పడానికి స్టార్టర్, నీటితో చల్లబడే హెడ్డు, ట్యాంకు, సైలెన్సర్, కార్బురేటర్ తెరిచేందుకు మరో సర్వో వీటికి అదనం. అంటే ఇంజిన్ ధర మొత్తం ఖర్చులో ఒక భాగమే. అది చెరువు మధ్యలో ఆగిపోయిందా, రిమోట్‌తో మళ్లీ స్టార్ట్ కాదు. మెథనాల్ విషం కూడా. తొలి పడవకు కరెంటు మోటారే మేలు.

ఏ మోటారు అన్నది పడవ అడుగు చూసి తేల్చాలి. మీరు కట్టింది టగ్, చేపల పడవ, లాంచీ లాంటి గుండ్రటి అడుగున్న పడవ అయితే అది నీటిని తోసుకుంటూ పోతుంది. అలాంటి దానికి పొడవును బట్టి ఒక వేగపు హద్దు ఉంటుంది. 60 సెంటీమీటర్ల పడవకు అది సెకనుకు దాదాపు ఒక మీటరు, గంటకు మూడున్నర కిలోమీటర్లు. ఆ హద్దుకు అవసరమైన దానికన్నా పెద్ద మోటారు పెడితే ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం కూరుకుపోతుంది, అల పెరుగుతుంది. బ్యాటరీ ఖాళీ అవుతుందే తప్ప పడవ వేగం పెద్దగా పెరగదు. అదే అడుగు వెడల్పుగా, వీ ఆకారంలో ఉండి, వెనక కొసన పదునుగా తెగినట్టు ముగిస్తే నీటి మీదకు లేచి జారుతుంది. వేగం కోసం డబ్బు పోయడానికి అర్థం ఉన్నది అక్కడే.

గుండ్రటి అడుగుకు 540 సైజు బ్రష్డ్ (లోపల కార్బన్ బ్రష్‌లున్న) మోటారు సరిపోతుంది. 36 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడవు, 3.17 మిల్లీమీటర్ల షాఫ్ట్. 540 అనేది డబ్బా సైజు మాత్రమే, వేగం కాదు. వేగం చెప్పేది లోపల తీగ చుట్ల సంఖ్య. 27 టర్న్ మోటారు వేగంగా తిరుగుతుంది, ఎక్కువ కరెంటు తాగుతుంది. 45, 55 టర్న్ మోటార్లు నెమ్మది, కానీ చల్లగా ఉంటాయి. మీరు 45 లేదా 55 తీసుకోండి. 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, 35 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ చాలు. కరెంటు 5 ఆంపియర్ల దగ్గర ఆగితే 3000 ఎంఏహెచ్ బ్యాటరీ అరగంట పైనే నడిపిస్తుంది.

వీ ఆకారపు అడుగు ఉండి, వేగమే కావాలంటే 3650 సైజు బ్రష్‌లెస్ ఇన్‌రన్నర్ (బ్రష్‌లు లేని, లోపలి భాగం తిరిగే మోటారు). దీని పేరులోనే కొలత ఉంది: 36 మిల్లీమీటర్ల వ్యాసం, 50 పొడవు. కేవీ అంటే ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే అంకె. 2000 కేవీ మోటారును మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మీద, అంటే 11.1 వోల్టుల మీద పెడితే లోడ్ లేకుండా 22,200 చుట్లు. కొత్తవాళ్లకు అది ఎక్కువే. నాలుగు వేల కేవీ మోటారు కార్ల కోసం గేరుతో తిరిగేది. దాన్ని గేరు లేకుండా పడవ షాఫ్ట్‌కు తగిలించొద్దు, ధర తక్కువని ఆశపడొద్దు. వేగంతో పాటు ఆట సమయం తగ్గుతుందనీ గుర్తుంచుకోండి. సగటున 25 ఆంపియర్లు లాగితే 3000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఎనభై శాతం వాడుకునేసరికి ఆరు నిమిషాలు కూడా రాదు. పైగా నీటితో చల్లబడే 60 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె), లైపో, దాని సెల్లులన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ కావాలి. మీ అయిదు వేలు ఇక్కడ చాలవు.

కాబట్టి నా సలహా బ్రష్డ్ 540. మోటారుకు ఆరేడు వందలకు మించి పెట్టకండి. మిగిలింది ఈఎస్‌సీకి, బ్యాటరీకి, మంచి షాఫ్ట్‌కు, దాన్ని మోటారుతో కలిపే కప్లింగ్‌కు పెట్టండి. ఎర్ర హీట్‌సింక్‌తో వచ్చే చౌక ఈఎస్‌సీ మీద '320ఏ' అని ఉంటుంది. దాని తీగల మందం చూస్తేనే తెలుస్తుంది, అంత కరెంటు అవి మోయలేవు. అది లోపలి ట్రాన్సిస్టర్ క్షణకాలం తట్టుకునే అంకె. హాబీవింగ్ క్విక్‌రన్ 1060 లాంటిది నిఖార్సుగా 60 ఆంపియర్లు ఇస్తుంది, తడిసినా తట్టుకుంటుంది. అయితే దాని మీద బ్యాటరీ రకం ఎంచుకునే చిన్న జంపర్ ఉంటుంది. లైపో వాడుతూ దాన్ని నికెల్ వైపు వదిలేస్తే సెల్లులు హద్దు దాటి ఖాళీ అయి ఉబ్బుతాయి. ఇంకో మాట, కార్ల ఈఎస్‌సీలో స్టిక్ వెనక్కి లాగితే మొదట బ్రేకు పడుతుంది, వదిలి రెండోసారి లాగితేనే రివర్స్. గట్టుకు తగలబోయే ముందు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

బ్యాటరీ ప్లస్ తీగలో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. కారు, బైకు సామాన్ల షాపుల్లో దొరికే బ్లేడ్ ఫ్యూజే. మన చెరువుల్లో గుర్రపు డెక్క ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే మోటారు ఒక్కసారిగా ఆగుతుంది. ఆగిన మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. ఫ్యూజు లేకపోతే మోటారో ఈఎస్‌సీయో కాలుతుంది.

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో 12 వోల్టుల 775 మోటారు కొని 70 సెంటీమీటర్ల పడవకు బిగించాను. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్రొపెల్లర్. అయిదు నిమిషాలకే కాలిన వాసన. మోటారు నకిలీదా?
హైదరాబాద్ పాఠకుడు

జవాబు: మోటారును నిందించే ముందు ప్రొపెల్లర్ చూడండి. అదే వేగంతో తిప్పాలంటే కావాల్సిన శక్తి వ్యాసానికి అయిదో ఘాతంతో పెరుగుతుంది. 50 బదులు 40 మిల్లీమీటర్లు పెడితే వ్యాసం అయిదో వంతే తగ్గింది, కానీ 0.8ను అయిదుసార్లు గుణిస్తే 0.33. అంటే భారం మూడో వంతుకు పడిపోతుంది. 10 శాతం పెంచితే అరవై శాతం పెరుగుతుంది. పెద్ద ప్రొపెల్లర్ పెడితే వేగం వస్తుందనుకుని మోటార్లు కాల్చుకునేది ఇక్కడే. కొనేటప్పుడు దాని పేరులోని అంకెలూ చదవండి. ఆక్టూరా ఎక్స్ 432 అంటే వ్యాసం 32 మిల్లీమీటర్లు, పిచ్ దానికి 1.4 రెట్లు, అంటే దాదాపు 45 మిల్లీమీటర్లు. పిచ్ అంటే ఒక చుట్టుకు ప్రొపెల్లర్ జారకుండా వెళ్తే ముందుకు పోయే దూరం. వ్యాసం మారకుండా పిచ్ పెరిగినా భారం పెరుగుతుంది.

40 పెట్టాక కూడా వేడెక్కితే తప్పు కప్లింగ్‌లో ఉండొచ్చు. ఇలా పట్టుకోండి. కప్లింగ్ విప్పి మోటారును మాత్రమే తిప్పి కరెంటు చూడండి. ఒకటిన్నర ఆంపియర్ అనుకుందాం. ఇప్పుడు షాఫ్ట్ కలిపి, ప్రొపెల్లర్ గాలిలో ఉంచి అదే వోల్టేజీలో మళ్లీ చూడండి. రెండు దాకా ఉంటే సరే. నాలుగు చూపిస్తే మోటారు, షాఫ్ట్ ఒకే గీతలో లేవు. ఆ తేడా అంతా వేడిగా, రొదగా పోతోంది. మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్ ఈ కొలతకు చాలు, అదీ కొన్ని సెకన్లే. నీళ్లలో కొలవాలంటే వాట్ మీటర్ పెట్టుకోండి.

సరిచేసే పద్ధతి ఇది. మోటారు షాఫ్ట్ ఒక కొసన, ప్రొపెల్లర్ షాఫ్ట్ మరో కొసన బిగుతుగా దూరేలా ఇత్తడి గొట్టం ముక్క చేయించండి. దాంతో రెంటినీ కదలకుండా కలిపేయండి. ఇప్పుడు మోటారు తనంతట తానే సరైన చోట నిలబడుతుంది. ఆ స్థితిలో మౌంటును పడవ అడుగుకు ఎపాక్సీతో అంటించి, ఒక రోజంతా ఆరనివ్వండి. గొట్టం తీసేసి అసలు కప్లింగ్ వేయండి. ముందు మౌంటు స్క్రూలు బిగించి తర్వాత షాఫ్ట్ వంచి కలపడం చాలామంది చేసే పొరపాటు.

మూసిన పడవలో గాలి ఆడదు కనుక మొదటిసారి రెండు నిమిషాలే నడిపి మూత తీసి మోటారును తాకండి. అయిదు సెకన్లు వేలు పెట్టలేకపోతే చాలా వేడి. డబ్బా చుట్టూ సన్నటి అల్యూమినియం గొట్టం నాలుగైదు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ వెనక నుంచి నీరు ఎక్కేలా అమర్చవచ్చు. కానీ పెద్ద ప్రొపెల్లర్‌ను వదిలేసి నీళ్ల గొట్టంతో సర్దుకుపోదామనుకుంటే కుదరదు. గొట్టం డబ్బాను చల్లారుస్తుంది, లోపలి బ్రష్‌ను కాదు.

షాపులో అడగాల్సింది ఇంకొకటి ఉంది. 775 పేరుతో 24 వోల్టుల మోటార్లూ అమ్ముతారు. అవి 12 వోల్టులకు సగం వేగమే ఇస్తాయి. రేకు మీద వోల్టేజీ, చుట్లు రెండూ చదివి కొనండి.

ప్రశ్న: పాత డ్రోన్ నుంచి తీసిన 2205, 2300 కేవీ మోటారు ఇంట్లో ఉంది. పడవకు వాడొచ్చా?
విశాఖపట్నం

జవాబు: ముప్పై సెంటీమీటర్ల చిన్న పడవకైతే ఆడుకోవచ్చు. డ్రోన్ మోటార్ల అంకెలు బయటి కొలతలు కావు, లోపలి స్టేటర్ (తీగ చుట్టిన, కదలని భాగం) 22 మిల్లీమీటర్ల వ్యాసం, 5 ఎత్తు అని. కనుక దీన్ని 3650తో పోల్చొద్దు. డ్రోన్‌లో దీన్ని చల్లార్చేది దాని ప్రొపెల్లర్ గాలే, పడవలో అది ఉండదు. బయటి డబ్బానే తిరుగుతుంది కాబట్టి చుట్టూ నీళ్ల గొట్టం పెట్టలేరు. తీగలు, చెత్త తగలకుండా చుట్టూ చోటు వదలాలి. రెండు సెల్లుల లైపో, 22 నుంచి 25 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టండి. మంచినీటిలో తడిసినా వైండింగ్‌కు వెంటనే ఏమీ కాదు, తుప్పు పట్టేది బేరింగులే. సముద్రపు నీటిలో వద్దు. ఇక డ్రోన్ ఈఎస్‌సీలు చాలావాటిలో రిసీవర్‌కు 5 వోల్టులు ఇచ్చే బీఈసీ ఉండదు. 'అన్నీ కలిపాను, రిసీవర్ లైటే వెలగట్లేదు' అంటూ వచ్చే ఫిర్యాదుల్లో సగం దీనివల్లే. విడిగా 5 వోల్టుల బీఈసీ తెచ్చుకోండి. మోటారు తప్పు దిక్కున తిరిగితే దాని మూడు తీగల్లో ఏ రెండైనా మార్చండి.

ప్రశ్న: ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 రిమోట్. నడుస్తుండగా రిమోట్ బ్యాటరీ అయిపోయింది. పడవ ఆగకుండా వెళ్లి గట్టును కొట్టుకుంది. రిసీవర్ పాడైందా?
నెల్లూరు

జవాబు: రిసీవర్ బాగానే ఉంది, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే మోటారును ఆపే సెట్టింగ్) పెట్టలేదు. ముందు ఈఎస్‌సీ తీగను మూడో ఛానెల్ నుంచి తీసి రెండో ఛానెల్‌లో పెట్టండి. మూడోది విమానాల థ్రాటిల్ స్టిక్, వదిలితే మధ్యకు రాదు. మోడ్ 2 (థ్రాటిల్ ఎడమ స్టిక్‌లో ఉండే) రిమోట్‌లో రెండోది కుడి స్టిక్, స్ప్రింగుతో తిరిగి మధ్యలోకి వస్తుంది. రివర్స్ ఉన్న ఈఎస్‌సీకి మధ్యే సున్నా. తర్వాత సిస్టమ్ మెనూలో ఆర్‌ఎక్స్ సెటప్, అందులో ఫెయిల్‌సేఫ్, రెండో ఛానెల్ ఎంచుకుని, స్టిక్‌ను మధ్యలో వదిలి ఆన్ చేయండి. క్యాన్సిల్ బటన్ నొక్కి పట్టుకుంటే సేవ్ అవుతుంది.

పరీక్ష ఇలా: పడవను స్టాండు మీద పెట్టి, ప్రొపెల్లర్‌కు చేతులు దూరంగా ఉంచి, పావు థ్రాటిల్ ఇచ్చి రిమోట్ ఆఫ్ చేయండి. సెకను రెండు సెకన్లలో మోటారు ఆగాలి. రిసీవర్ యాంటెన్నా కొసను నీటి మట్టానికి పైన నిలబెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీటిలోంచి పోదు, అడుగున పడేస్తే కొద్ది దూరానికే తెగిపోతుంది. రిమోట్ ముందు ఆన్, పడవ తర్వాత. ఆపేటప్పుడు పడవ ముందు.