ఇందులో కారు కొన్నవాళ్ళేరీ?

అమ్మాయీ,

అమెరికా వాళ్ళ ఖరీదైన కారు క్యాడిలాక్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది, చదివాను. వాక్యం నీ చేతికొచ్చింది, అందులో అనుమానం లేదు. ఎక్కడా ఆగకుండా చదివించింది. మొహమాటపడకుండా చెప్పమన్నావు గనక చెబుతున్నాను: ఆగకుండా పోవడమే దీనికున్న చిక్కు. 1902లో పుట్టింది, యాభైల్లో వెలిగింది, ఎనభైల్లో కుంగింది, 2000 దాటాక మళ్ళీ లేచింది అంటూ గ్రాఫు గీసినట్టు వెళ్ళిపోయింది. ఇంజనీర్లున్నారు, డిజైనర్లున్నారు, కంపెనీ పెద్దలు వరసగా వచ్చి పోతున్నారు. డబ్బు పెట్టి కారు కొన్నవాడు మాత్రం ఒక్కడూ కనపడలేదు. కారు పేరు పెరగడమైనా పోవడమైనా కొన్నవాళ్ళ దగ్గరే జరుగుతుంది. వాళ్ళు లేకుండా రాస్తే కంపెనీ వార్షిక నివేదికకీ నీ వ్యాసానికీ తేడా ఏముంటుంది?

హెన్రీ లీలాండ్ పేరాలు బాగున్నాయి. "అకుంఠిత దీక్ష", "నాణ్యతకు మారుపేరు" లాంటివి మాత్రం కొట్టేశాను. అవి లేకపోయినా ఆయన నిలబడతాడు. తుపాకుల కార్ఖానాలో చెయ్యి తిరిగిన మనిషి. హెన్రీ ఫోర్డ్ తన రెండో కంపెనీలో భాగస్వాములతో పడక వెళ్ళిపోతే, మిగిలిన యంత్రాలు ఎంతకు పోతాయో లెక్కకట్టమని లీలాండ్‌ని పిలిచారు. ఆయన లెక్కకట్టి, అమ్మొద్దు, నా దగ్గరో ఇంజన్ ఉంది, దాంతో కార్లు చేద్దామన్నాడు. క్యాడిలాక్ అలా మొదలైంది. ఇంతవరకూ రాశావు. దీని తోక వదిలేశావు. 1917లో ఇదే లీలాండ్, అప్పటికి క్యాడిలాక్‌ని కొనేసిన జనరల్ మోటార్స్‌తో పడక బయటికొచ్చి, యుద్ధ విమానాలకు ఇంజన్లు చేయడానికి లింకన్ కంపెనీ పెట్టాడు. యుద్ధం అయ్యాక కార్ల వ్యాపారంలో దిగి అప్పుల పాలైతే, 1922లో దాన్ని కొన్నది ఫోర్డ్. అమెరికాలో ఒకదాన్నొకటి ఓడించాలని చూసిన రెండు ఖరీదైన కార్లూ ఒకే పెద్దాయన పెట్టినవి. ఇలాంటి ముడి దొరికితే వదలకూడదు. ఎనభైల్లో, తొంభైల్లో నీకు లింకన్‌తో పని పడుతుంది. అప్పుడు పరిచయం చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

బ్రూక్లాండ్స్ పరీక్షని ఒక్క వాక్యంలో దాటేశావేం? ఆగాల్సింది అక్కడే. 1908లో ఇంగ్లండ్‌లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ళు మూడు క్యాడిలాక్‌లని నట్టూ బోల్టూ సహా విప్పేశారు. మూడింటి సామానూ ఒకే కుప్పలో కలిపేశారు. కొన్ని తీసేసి, వాటి బదులు డీలరు దగ్గరున్న విడిభాగాలు పడేశారు. ఆ కుప్పలోంచి మళ్ళీ మూడు కార్లు బిగించమన్నారు. చేతిలో రెంచీలు, స్క్రూడ్రైవర్లు, అంతే. ఆకురాయి పట్టుకోవడానికి వీల్లేదు. బిగించి ట్రాక్ మీద 500 మైళ్ళు తోలితే మూడూ నడిచాయి. ఆ రోజుల్లో కారంటే ఫిట్టరు కూర్చుని ఒక్కో ముక్కనీ అరగదీసి కూర్చేవాడు. ఈ కారు గేరు ఆ కారుకి పట్టేది కాదు. ఇంత చెప్పాక నాణ్యత గురించి నువ్వు వేరే మాట్లాడక్కర్లేదు.

ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ దగ్గరైనా కొనేవాళ్ళు కనపడాల్సింది. 1912 మోడల్ దాకా బండి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. మీట నొక్కితే ఇంజన్ అందుకునే కారు వచ్చాక, హ్యాండిల్ తిప్పడానికి ఇంకొకరిని పిలవాల్సిన ఆడవాళ్ళు తామే కూర్చుని బండి తీయగలిగారు. నువ్వు దీన్ని వదిలి, లీలాండ్ స్నేహితుడు హ్యాండిల్ దెబ్బకి చనిపోయిన కథని సినిమా సీన్‌లా రాశావు. ఆ కథ చెప్పిన ప్రతివాడూ కొంచెం కలిపాడు. ఉంచాలనుకుంటే "అంటారు" అని చేర్చి రెండు వాక్యాల్లో ముగించు.

ఇక 1930. షేర్ మార్కెట్ కూలి మూడు నెలలు కాకముందే 16 సిలిండర్ల కారు బయటికొచ్చింది. దాని మీద నువ్వు మనసు పారేసుకున్నట్టుంది, పేజీ రాశావు. అందమైన బండే. కానీ 1940 దాకా చేసినవన్నీ కలిపితే 4 వేల చిల్లర. అది కంపెనీని బతికించలేదు. అప్పుడు బతికించినవాళ్ళు నీ వ్యాసంలో లేరు.

నికొలస్ డ్రైస్టాట్ అని జర్మనీ నుంచి వచ్చినాయన, సర్వీసు విభాగం చూసేవాడు. అమ్మకాలు పడిపోయి, క్యాడిలాక్‌ని ఎత్తేద్దామా అని పై వాళ్ళు ఆలోచిస్తున్న రోజులు. సర్వీసు షెడ్లు తిరుగుతున్న ఈయన కంట ఒకటి పడింది: బండి రిపేరుకి తెచ్చేవాళ్ళలో నల్లవాళ్ళు చాలామంది ఉన్నారు. నల్లవాళ్ళకి క్యాడిలాక్ అమ్మకూడదన్నది అప్పటి కంపెనీ పద్ధతి. మరి వీళ్ళకెక్కడిది? బాక్సర్లు, గాయకులు, డాక్టర్లు, చేతినిండా సంపాదించినవాళ్ళు ఒక తెల్లవాడికి డబ్బిచ్చి అతని పేరున కొనిపించుకుంటున్నారు. మంచి పేటలో ఇల్లు కొననివ్వని దేశంలో, మంచి హోటల్లో గదివ్వని దేశంలో, డబ్బుతో కొనుక్కోగలిగిన మర్యాద ఆ కారొక్కటే. డ్రైస్టాట్ పెద్దల మీటింగ్‌లోకి పిలవకుండానే వెళ్ళి, ఆ మధ్యవర్తికి పోయే డబ్బు మనమే ఎందుకు తీసుకోకూడదని అడిగాడు. ఈ సంగతి మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ చెప్పడం వల్ల లోకానికి తెలిసింది. ఆయన చెప్పాడనే రాయి. 1934లో డ్రైస్టాట్ క్యాడిలాక్‌కి అధిపతి అయ్యాడన్నది మాత్రం రికార్డు. ఇందులో కంపెనీకి జ్ఞానోదయం అయినట్టు రాయకు. లెక్క చూసుకున్నారు. నువ్వూ లెక్కలాగే రాయి, పాఠకుడికి కోపం దానంతటదే వస్తుంది.

కారు వెనక రెక్కల సంగతి సగానికి కోసెయ్. 1948లో పీ-38 యుద్ధ విమానం తోకని చూసి మొదలెట్టారు, 1959 నాటికి మనిషి నడుము దాకా పెంచారు, ఎల్విస్ ప్రెస్లీ గులాబీ రంగు కారు తోలాడు. ఇదంతా నీ పాఠకులు ఫొటోల్లో చూసిందే.

పతనాన్ని నువ్వు 1982లో సిమరాన్ అనే చిన్న క్యాడిలాక్‌తో మొదలెట్టావు. నేనైతే 1976కి వెళతాను. ఆ ఏడాది క్యాడిలాక్ 3 లక్షలకు పైగా కార్లు చేసింది. పచ్చగా ఉన్న రోజులు. ఆ ఏడాదే తన ఎల్డొరాడో మోడల్ కన్వర్టిబుల్‌ని, అమెరికాలో ఇదే ఆఖరి టాపు లేని బండి అని ప్రచారం చేసి అమ్మారు. జనం ఎగబడ్డారు. రేపు రేటు పెరుగుతుందని కొని, తోలకుండా గారేజీలో టార్పాలిన్ కప్పి ఉంచినవాళ్ళున్నారు. 1984లో కంపెనీ మళ్ళీ ఎల్డొరాడో కన్వర్టిబుల్ తెచ్చింది. మండిపడి కొందరు కోర్టుకెక్కారు. ఇంజన్ చెడిపోవడం వేరు, కంపెనీ మాట చెడిపోవడం వేరు. నీ వ్యాసంలో మొదటిదే ఉంది. అవసరాన్ని బట్టి సిలిండర్లు ఆపేసే 1981 నాటి 8-6-4 ఇంజన్ మొరాయించిన తీరు మూడు పేరాలు రాశావు. ఒకటి చాలు.

ఆ టార్పాలిన్ పక్కనే ఇంకో సంగతి పెట్టు. నువ్వుండే ట్రాయ్ నుంచి అరగంట దూరం. 1981లో డెట్రాయిట్ నగరం పోల్‌టౌన్ అనే పేటని ఖాళీ చేయించి జనరల్ మోటార్స్‌కి అప్పగించింది. ఎక్కువగా పోలండ్ నుంచి వచ్చిన కుటుంబాలు, నల్లవాళ్ళు. 4 వేల మందికి పైగా ఇళ్ళు వదిలారు. మిషిగన్ సుప్రీం కోర్టు నగరం పక్షాన తీర్పిచ్చింది. (అదే కోర్టు 2004లో ఇంకో కేసులో ఆ తీర్పుని కొట్టేసింది, అప్పటికి పేట లేదు.) చర్చిలో కూర్చుని మేం కదలం అన్న ముసలివాళ్ళని పోలీసులు తీసుకుపోయి చర్చి పడగొట్టారు. ఒక పాత యూదుల శ్మశానం మాత్రం కదల్చలేక ఫ్యాక్టరీ ప్రహరీ లోపలే మిగిలిపోయింది. ఏడాదిలో కొద్ది రోజులే లోపలికి పోనిస్తారు. అంత చేసి 1985లో తెరిచిన ఫ్యాక్టరీలో తయారైన కొత్త ఎల్డొరాడోని చిన్నగా కుదించారు. అంతకు ముందటేడు అమ్మినదాంట్లో మూడో వంతు కూడా పోలేదు. పెట్రోలు రేటు ఇంకా పెరుగుతుందని వేసుకున్న లెక్క తప్పింది. పెట్రోలు చవకైంది, పెద్ద కారు కావాలనుకున్నవాళ్ళు షోరూము గడప దాకా వచ్చి వెనక్కి పోయారు.

ఎక్కడికి పోయారో లింకన్ వాళ్ళు టీవీ ప్రకటనలో చూపించారు. ఖరీదైన హోటల్ ముందు సూట్లు, పొడుగు గౌన్లు వేసుకున్నవాళ్ళు తమ కార్ల కోసం నిలబడతారు. కుర్రాడు ఒక్కోటీ తెస్తుంటే ఏది క్యాడిలాక్, ఏది బ్యూక్, ఏది ఓల్డ్స్‌మొబీల్ అని వాళ్ళలో వాళ్ళకే తెలీదు (మూడూ జనరల్ మోటార్స్‌వే). ఒకరి కారులో ఒకరు ఎక్కబోతారు. చివర్న లింకన్ వస్తుంది, దాని యజమాని తడుముకోకుండా ఎక్కి పోతాడు. నువ్వు "బ్రాండ్ గుర్తింపు కోల్పోవడం" అని రాసిన పేజీ తీసి దీన్ని పెట్టు.

ఇప్పుడు అసలు తగాదా. సిమరాన్ ఎందుకు పోయిందంటే, జనరల్ మోటార్స్‌దే అయిన చవక షెవర్లే కేవలియర్‌కి క్యాడిలాక్ బిళ్ళ తగిలించి వేలకు వేలు ఎక్కువ తీసుకున్నారు గనక అన్నావు. నిజమే. ఆ బొమ్మని గోడకి తగిలించుకుని "మరిచిపోవద్దు" అని కింద రాసుకున్న క్యాడిలాక్ అధికారి ఉన్నాడని కూడా చెబుతారు. మరి రెండు పేజీల తర్వాత నువ్వే, ఎస్కలేడ్ అనే పెద్ద ఎస్‌యూవీ కంపెనీని నిలబెట్టిందన్నావు. 1999 మోడల్ ఎస్కలేడ్ ఏమిటి? లింకన్ వాళ్ళ ఎస్‌యూవీ నేవిగేటర్ బాగా పోతోందని హడావుడి పడి, జనరల్ మోటార్స్‌దే అయిన జీఎంసీ యూకాన్ డెనాలీకి బిళ్ళ తగిలించినదే కదా! ఒకే పని ఒకసారి ముంచింది, ఒకసారి తేల్చింది. అంటే నువ్వు చెప్పిన కారణం సరిపోలేదు. నీ కారణాన్ని నీ కథలోనే ఇంకో చోట పెట్టి చూడు. అక్కడ బోర్లా పడితే ఇంకా తవ్వాలి.

నా తవ్వకం చెబుతాను, నచ్చితే తీసుకో. సిమరాన్ కొనాల్సినవాళ్ళు బీఎండబ్ల్యూ చూసినవాళ్ళు. వాళ్ళకి చిన్న బండి కాదు, తోలడంలో మజా కావాలి. నాలుగు సిలిండర్ల కేవలియర్‌లో అది లేదు. తాత తోలిన క్యాడిలాక్ ఎరిగినవాళ్ళకి అందులో క్యాడిలాకే లేదు. ఎస్కలేడ్ ట్రక్కు చట్రం మీదిదైనా వీధి చివర కనపడగానే ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనిపించేది. కొన్నదెవరు? బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు, ర్యాప్ గాయకులు. కంపెనీ మనసులో ఉన్న గాల్ఫ్ ఆడే అరవయ్యేళ్ళ పెద్దాయన కాదు. 2002 మోడల్ నాటికి పాటల్లో పేరు మోగుతోంది. డ్రైస్టాట్ షెడ్లో చూసినవాళ్ళ మనవలు, మునిమనవల తరం. రెండుసార్లూ కంపెనీ లెక్కలో లేనివాళ్ళే వచ్చి చెయ్యిచ్చి లేపారు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదీ, గ్రాఫు కాదు.

ఆ మధ్యలో 222 అంకె మరిచిపోకు. 1998 అమ్మకాల్లో లింకన్ మీద 222 కార్ల తేడాతో గెలిచామని క్యాడిలాక్ ప్రకటించింది. కొన్ని నెలలకు లెక్క ఎక్కువ రాశామని ఒప్పుకుంది. గెలిచింది లింకన్. లీలాండ్ లింకన్.

సీటీఎస్ కారు గురించి నువ్వు రాసింది సరిపోయింది. కత్తితో కోసినట్టున్న అంచులు, 2008లో జర్మనీలోని నూర్బర్‌గ్రింగ్ రేసు ట్రాక్‌ని 8 నిమిషాల లోపు చుట్టిన సీటీఎస్-వీ, అన్నీ ఉన్నాయి. ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్‌కి మార్చి మూణ్ణాలుగేళ్ళకే మళ్ళీ మిషిగన్‌కి తెచ్చుకున్న ముచ్చట రెండు వాక్యాల్లో నవ్వుతూ చెప్పు. "పూర్వవైభవం" అన్న శీర్షిక మాత్రం తీసెయ్. 2017 నుంచి కొన్నేళ్ళపాటు క్యాడిలాక్‌లు అమెరికాలో కన్నా చైనాలో ఎక్కువ పోయాయి. ఇది పాత వైభవం తిరిగి రావడం కాదు, వేరే బజారు. బ్యాటరీతో నడిచే ఎస్కలేడ్ ఐక్యూ తయారయ్యేది పోల్‌టౌన్ పడగొట్టి కట్టిన ఫ్యాక్టరీలోనే. పేరు మార్చి ఫ్యాక్టరీ జీరో అన్నారు. పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం చెయ్యకు.

అంబాసిడర్‌తో పోల్చిన పేరా కూడా వద్దు. అది పోటీ లేని బజారులో దశాబ్దాలు బతికింది, ఇది పోటీ నడుమ ఉండి జారింది. తెలుగువాళ్ళకి దగ్గర చెయ్యాలని పెట్టావని తెలుసు. నీ పాఠకుల్లో సగం మంది మీ ట్రాయ్, నోవై వైపు కార్ల కంపెనీల్లోనే పనిచేస్తున్నారు. వాళ్ళకి వంతెన కట్టక్కర్లేదు.

తిరగరాసి పంపేటప్పుడు మూడో వంతు తగ్గించు. మీ ఆఫీసులో ఎస్కలేడ్ తోలే మేనేజరు ఉన్నాడన్నావు. అదే ఎందుకు కొన్నాడో అడుగు. ఉద్యోగుల డిస్కౌంట్ వచ్చింది గనక అంటే, అదీ రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు