హస్తకళలు, షామిసెన్, సాకే కలిపిన జపాన్ టూర్ తీసుకోవచ్చా?

మీరు అడిగింది రెండు సంగతులు. నవంబరు చివర్లో జపాన్ వస్తున్నారు కాబట్టి హస్తకళలు, సంగీతం, సాకే (బియ్యంతో చేసే మద్యం) మూడూ చూపిస్తామనే ‘కల్చరల్ టూర్’ తీసుకోవచ్చా అని ఒకటి. మందు ముట్టని, మాంసం తినని మీ అమ్మానాన్నలకు అందులో ఏముంటుందని రెండోది. నేను నగోయాలో ఉద్యోగం చేస్తున్నాను, ఊర్నించి మావాళ్లు వచ్చినప్పుడల్లా ఇలాంటివి తిప్పుతుంటాను. టూర్ తీసుకోండి. అయితే టోక్యోలో ఒకటి, క్యోటోలో ఒకటి, ఒసాకాలో ఒకటి అంటూ బస్సెక్కించి దించేది మాత్రం వద్దు. మూడూ ఒకే ఊళ్లో బతికున్న చోటికి వెళ్లి రెండు రాత్రులు ఉండండి. నా ఓటు పడమటి తీరంలోని కనజావాకి.

టోక్యో నుంచి షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో సుమారు రెండున్నర గంటలు. క్యోటో నుంచైతే 2024 మార్చి తర్వాత త్సురుగాలో రైలు మారాల్సి వస్తోంది, సామాను తక్కువ పెట్టుకోండి. ఈ సీమను ఏలిన మయెదా వంశం దేశాన్నేలిన సైనిక పాలకులు తోకుగావా షోగన్ల తర్వాత దేశంలోకెల్లా సంపన్నమైనది. ఆ డబ్బు ఆయుధాల మీద పెడితే షోగన్ ఊరుకోడు కాబట్టి కళల మీద కుమ్మరించారని అక్కడి గైడ్లు చెబుతారు. కుతాని పింగాణీ, ‘కాగా యూజెన్’ అనే పట్టు అద్దకం, లక్క పని, ఇవన్నీ ఆ పోషణలో పెరిగినవే.

ముందు బంగారు రేకు గురించి. జపాన్‌లో తయారయ్యే రేకులో దాదాపు 99 శాతం ఈ ఒక్క ఊరిదే. మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. టూర్లలో ఇచ్చే ‘వర్క్‌షాప్’ అంటే మీ చేత రేకు కొట్టించరు. తయారైన రేకుని చాప్‌స్టిక్స్ మీదో, చిన్న పళ్లెం మీదో అంటింపజేస్తారు. గంటలో అయిపోతుంది, పిల్లలుంటే సరదాగా ఉంటుంది. నాకు మాత్రం రేకు కన్నా దాన్ని కొట్టేటప్పుడు మధ్యలో పెట్టే కాగితం కథే నచ్చింది. గడ్డి బూడిద నీళ్లు, తునికి జాతి కాయల వగరు రసం, కోడిగుడ్డు కలిపిన ద్రావణంలో దాన్ని నానబెట్టి పదునుపెడతారు (గుడ్డు సంగతి అమ్మగారికి చెప్పకపోయినా నష్టం లేదు). రేకు బాగా రావడమనేది సగం ఆ కాగితం చేతిలోనే ఉంటుంది. కొట్టీ కొట్టీ అరిగిపోయాక దాన్నే ముఖం మీద జిడ్డు అద్దుకునే కాగితంగా అమ్మేవారు, గేకోలు (విందుల్లో ఆడిపాడే కళాకారిణులు) దానికోసం ఎగబడేవారట. అందుకే కాగితం తయారీ చూపించే కార్ఖానా ఏదైనా మీ టూర్‌లో ఉందేమో అడగండి. బంగారు రేకు కప్పిన ఐస్‌క్రీమ్ ఫొటోకి బాగుంటుంది. రేకుకి రుచంటూ ఏమీ ఉండదు.

సంగీతం దగ్గర మాత్రం తొందరపడకండి. 1820లో ఏర్పడిన హిగాషి చాయా వీధిలో చెక్క జాలీల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో గేకోలు పాడే ఇళ్లకి తెలిసినవాళ్ల పరిచయం లేనిదే ప్రవేశం దొరకదు. టూర్ కంపెనీల ద్వారా వెళ్తే ఆ గడప దాటొచ్చు, వాళ్లకిచ్చే డబ్బుకి అసలైన ప్రతిఫలం అదే. మామూలు సందర్శకుల కోసం టికెట్టు పెట్టే ప్రదర్శనలూ ఉంటాయి.

షామిసెన్‌కి మూడే తీగలు, మెట్లు ఉండవు, పెద్ద పలకలాంటి ‘బాచి’తో మీటుతారు. కర్ణాటక సంగీతం విన్న చెవికి మొదట పొడిపొడిగా అనిపిస్తుంది. కాసేపు విన్నాక మంద్ర తీగలోని జుమ్మనే ధ్వని పట్టుకోండి. ఆ తీగ ఒక్కటీ మెడ పైకొసనున్న ఆనింపు మీద ఆనకుండా కర్రకి రాసుకునేలా కడతారు, మన తంబురాలో తీగ కింద జీవా (దారప్పోగు) పెట్టినట్టు. అది వినబడ్డాక మా అమ్మ (చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది) కదల్లేదు.

ఇక్కడ మాకు అనుకోనిది ఒకటి ఎదురైంది. మాది కడప. షామిసెన్లు చేసే పాత దుకాణంలో పెద్దాయన ఒకరు మేలురకం వాయిద్యం మెడ చూపించి, ‘కోకి’ అనే ఈ కర్ర ఇండియా నుంచి వస్తుందన్నాడు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, ‘ఇది మన చందనం కర్ర కదరా’ అన్నాడు. నిజంగానే అది శేషాచలం ఎర్రచందనం. మన కడప, చిత్తూరు, నెల్లూరు కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెద్దగా పెరగని చెట్టు. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది కాబట్టి పాత నిల్వల కర్రకి గిరాకీ ఎక్కువ. పేపర్లో స్మగ్లర్ల వార్తల్లో చదివే కర్ర ఇలా నునుపు తేలి పాట పలకడం చూసి నాన్న ఆ సాయంత్రమంతా దాని గురించే మాట్లాడాడు. ఒక హెచ్చరిక: బుర్రకి కప్పే చర్మం సంప్రదాయంగా పిల్లిదో కుక్కదో. ఇప్పుడు కృత్రిమ చర్మంతో చేసినవీ ఉన్నాయి. మీవాళ్లకి పట్టింపు ఉంటే వాయించి చూసే క్లాసుకి అలాంటిది కావాలని ముందే చెప్పండి.

సాకేకి నవంబరు చివర మంచి సమయం. చలికాలమే కాచే కాలం, వేసవిలో వెళ్తే చాలాచోట్ల ఖాళీ తొట్లే కనబడతాయి. దుకాణం ముందు దేవదారు ఆకులతో కట్టిన పెద్ద బంతి వేలాడుతుంటుంది. అది పచ్చగా ఉందంటే కొత్త సాకే దిగిందని. కనజావాలోని ఫుకుమిత్సుయా 1625లో మొదలైంది, హకుసాన్ కొండల నుంచి భూమిలోకి ఇంకిన నీళ్లతో చేస్తారు. ఏ సాకే శాలకి వెళ్లినా ఆ రోజు పొద్దున నత్తో (పులియబెట్టిన సోయా గింజలు) తినకండి. అందులోని బ్యాక్టీరియా బియ్యం మీద పెంచే కోజి బూజుని పాడుచేస్తుంది. కొన్నిచోట్ల పెరుగూ వద్దంటారు. మన పెద్దవాళ్లకి అదే అసలు కష్టం! అత్తరూ, సెంటూ కూడా వద్దు.

సీసాల మీది పేర్లకి కంగారుపడకండి. బియ్యం గింజని ఎంత అరగదీశారన్నదే లెక్క. 60 శాతమో అంతకన్నా తక్కువో మిగిలితే ‘గింజో’ రకం, 50 శాతమో అంతకన్నా తక్కువో అయితే ‘దైగింజో’. విడిగా ఆల్కహాల్ కలపకపోతే ‘జున్మై’. ఖరీదైనదే గొప్పదని లేదు, గోరువెచ్చగా తాగే జున్మై నాకు దైగింజో కన్నా ఇష్టం.

అమ్మానాన్నలకు ఇక్కడ దొరికేది పాట. గడియారాలు లేని రోజుల్లో కోజి, అన్నం కలిపి కర్రలతో నూరేటప్పుడు పాటే కొలత. ఫలానా పాట ఇన్నిసార్లు అయ్యేదాకా నూరాలి, ఇన్ని చరణాలకి ఇన్ని బాల్చీల నీళ్లు. రాత్రిపూట నిద్ర ఆపుకోడానికీ అదే. యంత్రాలొచ్చాక ఈ పాటలు చాలాచోట్ల పోయాయి. అడిగితే కొన్నిచోట్ల పాతకాలపు పనివాళ్లు పాడి వినిపిస్తారు, మేం వెళ్లినచోట ఒకాయన తొట్టి పక్కన నిలబడి గొంతెత్తాడు. సంగీతం, సాకే రెండూ ఒకేచోట కావాలనుకునేవాళ్లకి ఇంతకన్నా నేరుగా దొరకదు. రుచి చూసే బల్ల దగ్గర వాళ్లకి అమజాకే అడగండి. కోజితో చేసినదైతే ఆల్కహాల్ ఉండదు, పాయసంలా తియ్యగా ఉంటుంది. సాకే పిప్పితో చేసిన రకంలో కొద్దిగా ఉంటుంది, కాబట్టి ఏదో కనుక్కోండి.

తిండి విషయం: కూరగాయల పులుసులోనూ చేప రసం, అంటే దాషి, ఉంటుంది. ‘శాకాహారం’ అంటే సరిపోదు, దాషి కూడా వద్దని రాసివ్వండి.

కొనుక్కోవడానికైతే కనజావాకి ఉత్తరానున్న నోతో ద్వీపకల్పం సరుకు చూడండి. 2024 జనవరి 1 భూకంపంలో అక్కడి సాకే శాలలు చాలా కూలాయి, వజిమా లక్క పనివాళ్ల కార్ఖానాలు దెబ్బతిన్నాయి. వేరే శాలల్లో చోటు తీసుకుని కాచిన నోతో సాకే, వందకు పైగా దశల్లో చేసే వజిమా గిన్నెలు కనజావా దుకాణాల్లో దొరుకుతాయి. ఇండియాకి తలకి రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తేవచ్చు, అంటే 720 మిల్లీలీటర్ల సీసాలు రెండు. వేడిచేయని ‘నమా’ రకం ఫ్రిజ్‌లో లేకపోతే పాడవుతుంది, దాన్ని అక్కడే తాగేయండి.