లెన్స్ ముందు ఎర్ర గాజు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న రాయగడ వచ్చినప్పుడు మీ ఇంట్లో ప్రొజెక్టర్ మీద చూసిన సినిమా బొమ్మ నా కళ్ళలోంచి పోవడం లేదురా. రాత్రి సీనులో నల్లగా ఉండాల్సిన ఆకాశం నీలిమందు కలిపిన నీళ్ళలా ఉంది. ఇన్నేళ్ళు టాకీసు క్యాబిన్‌లో పనిచేసినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

నీ ప్రొజెక్టర్‌లో ఉన్నది పాదరసం లాంప్. దాని వెలుగులో ఆకుపచ్చ, నీలం దండిగా ఉంటాయి, ఎరుపు తక్కువ. మా జెనాన్ లాంప్ తెలుపు పగటి వెలుగుకు దగ్గరగా ఉండేది, మాకు ఈ బాధ లేదు. నువ్వు మెనూలో ఆకుపచ్చ, నీలం తగ్గించి తెలుపును 6500 కెల్విన్‌కి, అంటే పగటి తెలుపుకి తెచ్చావు. బాగుంది. మరి నలుపు సంగతి? ప్రొజెక్టర్ లోపల వెలుగును ఆపుతూ వదులుతూ బొమ్మ కట్టే ఎల్‌సీడీ ప్యానెల్ పూర్తిగా మూసుకున్నా కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది. దాన్ని మెనూ ఆపలేదు. తెలుపు తగ్గింది, నలుపు ఉన్నచోటే ఉంది. నీ కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ ఉండే తేడా, పోయింది అక్కడే.

మెనూలో చేసిన ఆ రంగుల కోత లెన్స్ ముందు గాజుతో పెట్టు. సీసీ 30 అనే రంగు సరిచేసే ఎర్ర ఫిల్టర్ ఆకుపచ్చ, నీలాలను సగానికి తగ్గించి, ఎరుపును దాదాపు అలాగే వదులుతుంది. తెలుపుతో పాటు ఆ కారే వెలుగు కూడా తగ్గుతుంది. బరంపురంలో కెమెరా సామాన్ల షాపుల్లో అడుగు. దొరక్కపోతే ట్యూబ్‌లైట్ వెలుగులో ఫోటోలు తీయడానికి వాడే ఎఫ్‌ఎల్-డి ఫిల్టర్ తీసుకో. అది గులాబీ రంగుది, ముఖ్యంగా ఆకుపచ్చను ఆపుతుంది. నీలం ఇంకా ఎక్కువనిపిస్తే మెనూలో కొద్దిగా తగ్గించుకో. ఫోటో స్టూడియోల్లో నెగటివ్ నుంచి ఫోటో పెద్దది చేసే ఎన్‌లార్జర్‌ల పాత ఫిల్టర్లు ఇస్తామంటారు, తీసుకోకు. అవి నెగటివ్‌కి పైన, లాంప్ వైపు పెట్టేవి. లెన్స్ ముందు పెడితే బొమ్మ మసకబారుతుంది.

ఫిల్టర్ లెన్స్ కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే అంచులు నల్లబడతాయి. లెన్స్‌కి తగలనివ్వకు. కొంచెం వాల్చి పెట్టు, వెలుగు వెనక్కి కొట్టి తెర మీద నీడబొమ్మ పడకుండా ఉంటుంది. ముందుగా మెనూలో పాత సెట్టింగులన్నీ తీసెయ్, లేకపోతే మొహాలన్నీ ఎర్రబడతాయి. ఆ తర్వాత మెనూలోనే, తెల్ల తెర వేసి గెయిన్ (వెలుగు భాగాల రంగు), చీకటి బూడిద రంగు వేసి ఆఫ్‌సెట్ (చీకటి భాగాల రంగు) సరిచెయ్. గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే మాత్రం ఇదంతా వృథా.

మీ స్నేహితుడిది ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ కదా, ఈ గాజు అతనికి అంటగట్టకు. దాని వెలుగు వేరు.

వచ్చే నెల వస్తాను. ఆ రాత్రి సీను సిద్ధంగా ఉంచు. ఫిల్టర్ చేత్తో పట్టుకుని పెడుతూ తీస్తూ ఇద్దరం చూద్దాం. అక్కకి నా నమస్కారాలు.

మీ మావయ్య