అద్దె కోసమే నెలకు ఎన్ని బోర్డులు చేయాలి?

ప్రశ్న: విజయవాడ గవర్నర్‌పేటలో ఎనిమిదేళ్లుగా సైన్‌బోర్డులు తయారుచేస్తున్నాను. షాపు 320 చదరపు అడుగులు, అద్దె రూ.18,000. నెలకు సగటున రూ.5 లక్షల పని జరుగుతుంది. ఆషాఢంలో మూడున్నర లక్షలకు పడిపోతుంది. సగటు నెలలో మెటీరియల్‌కు రూ.2.6 లక్షలు, ఐదుగురి జీతాలకు రూ.90,000, బయట సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రం) కటింగ్‌కు రూ.35,000, రవాణాకు రూ.15,000, కరెంటుకు రూ.12,000, ఫ్లెక్స్ మెషీన్ ఈఎంఐకి రూ.16,000 పోతాయి. చోటు చాలక నెలకు దాదాపు లక్ష రూపాయల ఆర్డర్లు వదిలేస్తున్నాను. ఏలూరు రోడ్డు మీద 900 అడుగుల షాపు చూశాను. అద్దె రూ.62,000, పది నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు. ఆటోనగర్‌లో 1,200 అడుగుల రేకుల షెడ్డు రూ.26,000కు వస్తుంది, ఐదు నెలల అడ్వాన్స్. మా నాన్నగారేమో అద్దెలు కట్టే బదులు సింగ్‌నగర్ దాటాక రూ.45 లక్షలకు స్థలం కొని, ఆ అద్దె డబ్బే ఈఎంఐగా కట్టుకోమంటున్నారు. చేతిలో రూ.6 లక్షలున్నాయి. రూ.4.5 లక్షలు పెట్టి ఆ కటింగ్ చేసే సీఎన్‌సీ రౌటర్ యంత్రం సొంతంగా కొనాలని కూడా ఉంది. నా ఆర్డర్లలో పదికి ఏడు ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చేవే. ఏం చేయమంటారు?

జవాబు: ఆటోనగర్ షెడ్డు తీసుకోండి. గవర్నర్‌పేట షాపు కూడా ప్రస్తుతానికి వదలొద్దు. ఎందుకో మీరు పంపిన లెక్కలతోనే చెప్తాను.

రూ.5 లక్షల్లో మెటీరియల్, రవాణా తీసేస్తే రూ.2.25 లక్షలు మిగులుతాయి. అంటే వంద రూపాయల పని చేస్తే మీ చేతిలో ఉండేది 45 రూపాయలు. జీతాలు, అద్దె, ఈఎంఐ, ఇంటి ఖర్చు అన్నీ ఆ 45లోంచే రావాలి. అద్దె ఒక్క రూపాయి పెరిగితే దాన్ని పూడ్చడానికి మీరు రూ.2.20 విలువైన బోర్డులు అదనంగా చేయాలన్నమాట. చోటు చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఈ అంకె గుర్తుంచుకోండి.

ఏలూరు రోడ్డు షాపుకు మారితే అద్దె రూ.44,000 పెరుగుతుంది. దాన్ని పూడ్చడానికే నెలకు రూ.98,000 అదనపు పని కావాలి. చోటు లేక వదులుకుంటున్న ఆర్డర్లు లక్ష అన్నారు. అవన్నీ తిరిగొచ్చినా వాటిలో మిగిలేదంతా షాపు ఓనర్‌కే పోతుంది. మీకూ మీ కుర్రాళ్లకూ మిగిలేది అదనపు చాకిరీ. అడ్వాన్స్ ఒక్కటే రూ.6.2 లక్షలు, అంటే మీ దగ్గరున్న డబ్బు దానికే చాలదు. ఇక రౌటర్ ఊసే ఉండదు. మెయిన్ రోడ్డు షాపు మీద మీకున్న ఇష్టం నాకు అర్థమవుతుంది. ఊరందరికీ బోర్డులు పెట్టిన మనిషికి తన బోర్డు కూడా నలుగురూ చూసే చోట ఉండాలని అనిపించడం సహజం. కానీ మీ కస్టమర్లలో పదికి ఏడుగురు షాపు మెట్టెక్కడం లేదు. మిగతా ముగ్గురి కోసం అంత అద్దె కట్టడం నాకు సబబుగా తోచడం లేదు.

ఆటోనగర్ లెక్క వేరు. షెడ్డు అద్దె రూ.26,000. రౌటర్‌కు రూ.1.2 లక్షలు మీరు పెట్టుకుని మిగతా రూ.3.3 లక్షలు ముద్ర పథకంలో కిశోర్ లోన్‌గా తీసుకుంటే, 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఈఎంఐ సుమారు రూ.7,200 పడుతుంది. దాని కరెంటు, అరిగిపోయే కటింగ్ బిట్లు కలిపి ఇంకో రూ.5,000 వేసుకోండి. మొత్తం కొత్త ఖర్చు రూ.38,200. యాక్రిలిక్ మీద సన్నటి లేజర్ పని ఎలాగూ బయటే చేయించాలి కాబట్టి దానికి రూ.8,000 ఉంచినా, బయటికి పోతున్న కటింగ్ డబ్బులో రూ.27,000 మిగులుతాయి. అసలు భారం రూ.11,200 మాత్రమే. ఇది పూడటానికి నెలకు రూ.25,000 అదనపు పని చాలు. వదులుకున్న ఆర్డర్లలో సగమే తిరిగొచ్చాయనుకున్నా నెలకు మీకు పదకొండు వేలు పైన మిగులుతుంది.

ఆషాఢం సంగతి కూడా చూడాలి. మూడున్నర లక్షల నెలలో ఇప్పుడే మీకు దాదాపు ఏమీ మిగలడం లేదు. షెడ్డు తీసుకున్నాక అలాంటి నెలలో రూ.20,000 దాకా చేతినుంచి పడుతుంది. ఏలూరు రోడ్డులో అయితే రూ.44,000. మొదటిది మీరు తట్టుకోగలరు. రెండోది వరుసగా రెండు నెలలు వస్తే షీట్ల డీలర్ దగ్గర బాకీ మొదలవుతుంది.

నాన్నగారి మాట కొట్టిపారేసేది కాదు. సొంత జాగా ఉంటే ఆ ధీమాయే వేరు. కానీ రూ.10 లక్షలు ఎక్కడో సర్దుకుని రూ.35 లక్షలు అప్పు తెచ్చినా, 10.5 శాతం వడ్డీతో పదిహేనేళ్లకు ఈఎంఐ రూ.38,700. షెడ్డు కట్టడం, త్రీఫేజ్ కనెక్షన్ అదనం. పైగా ఆ వైపు 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఏం చేసిందో మీరూ చూశారు. సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఎల్ఈడీ మాడ్యూళ్లు, ప్రింటర్, కంప్యూటర్ ఒక్క రాత్రి నీళ్లలో ఉంటే ఎనిమిదేళ్ల కష్టం పోతుంది. నాన్నగారికి ఈ కాగితం చూపించి, మూడు నాలుగేళ్లాగి నీళ్లెక్కని చోట కొందామని చెప్పండి.

ఇప్పుడు షెడ్డు సంగతి. బోర్డులకు వాడే 8x4 అడుగుల ఏసీపీ (అల్యూమినియం పూత) షీటు ఒకటి వెంట తీసుకెళ్లండి. గేటు దగ్గర నుంచి వెనక గోడ దాకా మీరూ ఒక కుర్రాడూ దాన్ని మోసుకెళ్లి, తిప్పి, మళ్లీ బయటికి తీసుకురండి. స్తంభానికి తగలకుండా తిరిగిందా? టేబుల్ చుట్టూ మనిషి తిరగడానికి జాగా వదిలాక రౌటర్ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో నేల మీద గీసి చూడండి. ఇరవై అడుగుల బోర్డు ఫిట్ చేశాక షట్టర్లోంచి బయటికి వస్తుందా, బండి గుమ్మం దాకా వస్తుందా అన్నదీ అక్కడే తేలిపోతుంది. రౌటర్ దుమ్ము ప్రింటర్ హెడ్లకు శత్రువు కాబట్టి ప్రింటింగుకు ఒక మూల గది కట్టి ఏసీ పెట్టాల్సిందే. మే నెలలో రేకుల కింద వినైల్ అతికిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పక్క షెడ్డు వాళ్లను వానాకాలంలో నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో అడగండి, వాళ్ల గోడ మీద మరకలు కూడా చూడండి.

కరెంటు మీటరు విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. సర్వీసు నంబరు తీసుకుని పాత బకాయిలున్నాయేమో చూసుకోండి. కనెక్షన్ కమర్షియల్ కేటగిరీలో ఉందా, ఇండస్ట్రీ కేటగిరీలో ఉందా అని అడగండి. యూనిట్ రేటులో తేడా బాగా ఉంటుంది. మీ రౌటర్, వెల్డింగ్, ఏసీ అన్నీ కలిపి ఎన్ని కిలోవాట్లో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించండి. లోడు పెంచాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

అగ్రిమెంటు పదకొండు నెలలకే రాద్దామంటారు, అందరూ అలాగే రాస్తారు. మీరు ఒప్పుకోవద్దు. వైరింగుకు, గదికి, ఎగ్జాస్టుకు, ర్యాకులకు కలిపి లక్షా ఇరవై వేల దాకా ఖర్చు పెట్టబోతున్నారు. ఏడాది తిరక్కుండానే ఖాళీ చేయమంటే అదంతా గోడకే వదిలేసి రావాలి. మూడేళ్లకు రాయించుకోండి. ఏటా పెంపు 5 శాతం దాటకూడదు. మీరు వెళ్లాలనుకుంటే మూడు నెలల నోటీసు చాలాలి, ఓనర్ మాత్రం మూడేళ్లలోపు ఖాళీ చేయించకూడదు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. స్టాంపు ఖర్చు చూసి వెనకాడొద్దు. రిజిస్టర్ చేయని కాగితం తగాదా వచ్చిన రోజు అక్కరకు రాదు.

జీఎస్టీలో మీరు రెగ్యులర్ పద్ధతిలోనే ఉంటారనుకుంటున్నాను. ఓనర్‌కు జీఎస్టీ నంబరు లేకపోతే 2024 అక్టోబరు 10 నుంచి అద్దె మీద 18 శాతం పన్ను మీరే రివర్స్ ఛార్జ్ కింద కట్టాలి. రూ.26,000కు అది రూ.4,680. మీ బోర్డుల మీద కట్టే జీఎస్టీలో అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది, కానీ ముందు డబ్బు కట్టాలి. షెడ్డు అడ్రసును జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్పించడం మర్చిపోకండి. స్టాకుకు, మెషీన్లకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తీసుకోండి. అగ్నిప్రమాదం, వరద రెండూ అందులో వస్తాయి.

అడ్వాన్స్ రూ.1.3 లక్షలు, పనులకు రూ.1.2 లక్షలు, రౌటర్‌కు రూ.1.2 లక్షలు పోగా మీ దగ్గర రూ.2.3 లక్షలు ఉండాలి. ఆ డబ్బు ముట్టుకోవద్దు. లేజర్ మెషీన్ ఆఫర్‌లో ఉందని ఎవరైనా ఫోన్ చేసినా సరే.

గవర్నర్‌పేట షాపును ఆరు నెలలు కౌంటర్‌గా నడపండి. నడిచొచ్చే కస్టమర్లను రోజూ ఒక నోటుబుక్‌లో రాయించండి. సంఖ్య నిజంగానే తక్కువైతే అదే వీధిలో నూరు అడుగుల గదికి మారవచ్చు. శాంపిల్ అక్షరాలు, కలర్ కార్డు, ఒక కంప్యూటర్ పట్టేంత చోటుంటే చాలు.

దసరా ముందు మాత్రం మారొద్దు. నాకు తెలిసిన ఒకాయన సెప్టెంబరులో మారి, కరెంటు రాక పదిహేను రోజులు కూర్చున్నారు. ఆ ఏడాది పండగ ఆర్డర్లన్నీ పక్క వీధికి పోయాయి. ఆషాఢంలో కొత్త చోట అడుగుపెట్టరు కాబట్టి జ్యేష్ఠంలోనే మంచిరోజు చూసుకుని, పూజ చేసి తాళాలు తీసుకోండి. పని తక్కువగా ఉండే ఆషాఢమంతా వైరింగు, ర్యాకులు, రౌటర్ బిగింపు కానివ్వండి. శ్రావణంలో కొత్త షాపుల ఓపెనింగులు మొదలయ్యేసరికి మీ టేబుల్ మీద షీటు సిద్ధంగా ఉండాలి.