రెండు ఇంగ్లీషు సామెతలూ నిజమే, కంగారు పడకండి

'హేస్ట్ మేక్స్ వేస్ట్' తొందరొద్దంటుంది, 'స్ట్రైక్ వైల్ ది ఐరన్ ఈజ్ హాట్' ఆలస్యం వద్దంటుంది, స్కూల్లో ఏది నిజమని చెప్పాలని మీ బాబు టెన్షన్ పడుతున్నాడన్నారు కదండీ. రెండూ నిజమే. జాన్ హేవుడ్ 1546లో తెచ్చిన ఇంగ్లీషు సామెతల పుస్తకంలోనే రెండూ ఉన్నాయి. కమ్మరినే చూడమనండి: కొలిమిలోంచి తీసిన ఇనుము ఎర్రగా ఉన్న కాసేపే చెప్పినట్టు వంగుతుంది, చల్లారాక ఎంత బాదినా సరిగా లొంగదు, అందుకే అప్పుడు ఆగకూడదు. కానీ సుత్తి, పట్టకారు, దాగలి ముందే నిదానంగా సిద్ధం చేసుకుంటాడు, ఏం చెయ్యాలో కొలత చూసుకుంటాడు, అక్కడ తొందరపడితే ఇనుమూ బొగ్గూ దండగ. పది సామెతలు ఏకరువు పెట్టేకంటే ఈ ఒక్క పనినే వివరించమనండి, క్లాసు మొత్తానికీ అర్థమవుతుంది. టైముంటే 'లుక్ బిఫోర్ యు లీప్' (దూకే ముందు చూసుకో) కూడా కలపొచ్చు, అదీ హేవుడ్ పుస్తకంలో ఉన్నదే.