శాట్ ఇంగ్లిష్: తెలుసనుకున్న మాటలతోనే చిక్కు

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో డిగ్రీ కోసం శాట్ రాయబోతున్నాను. సీనియర్ ఇచ్చిన పాత పుస్తకంలోంచి రోజుకు 50 పదాలు బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం గుర్తుండడం లేదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ముందు ఆ జాబితా పక్కన పెట్టండి. ఒంటరి వాక్యంలో ఖాళీ పూరించే ప్రశ్నలను 2016లోనే తీసేశారు. మన దేశంలో 2023 నుంచి జరుగుతున్న డిజిటల్ శాట్‌లో 25 నుంచి 150 పదాల పేరా ఇచ్చి, దానిమీద ఒకే ప్రశ్న వేస్తారు. రీడింగ్, రైటింగ్ భాగంలో 54 ప్రశ్నలకు 64 నిమిషాలు, అంటే ఒక్కోదానికి సుమారు 71 సెకన్లు. పదాల ప్రశ్నలు ఒక్కో మాడ్యూల్ (ఆ భాగంలోని ఒక విడత) మొదట్లోనే వస్తాయి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది అరుదైన పదాల దగ్గర కాదు, తెలుగులో రోజూ వాడేసే ఇంగ్లిష్ మాటల దగ్గర. ఛాంపియన్ అనగానే గెలిచినవాడు, టెంపర్ అంటే కోపం, నావెల్ అంటే నవల అనుకుంటాం. పేరాలో ఛాంపియన్ ఒక వాదాన్ని భుజానికెత్తుకోవడం, టెంపర్ తీవ్రత తగ్గించడం, నావెల్ కొత్తదైనది కావచ్చు. క్వాలిఫై అంటే అర్హత సాధించడమే కాదు, అన్న మాటకు పరిమితి పెట్టడం కూడా. ఇలాంటివాటికి వేరే నోట్‌బుక్ పెట్టండి. దీనికి పెట్టిన సమయం వృథా పోదు.

కొత్త పదాలు రోజుకు 10 చాలు. కార్డుకు ఒకవైపు ఇంగ్లిష్ వాక్యం రాసి, పదం ఉండాల్సిన చోట ఖాళీ వదలండి. వెనకవైపు ఆ పదం, తెలుగు అర్థం రాయండి. ఉత్త పదం, అర్థం రాసుకుంటే చూసినప్పుడు తెలిసినట్టే ఉంటుంది, వాక్యంలో ఎదురైతే తట్టదు. ఒక్కో కార్డునూ 1, 3, 7, 21 రోజుల తర్వాత తిరగేయండి. మూడు వారాలు దాటాక రోజుకు 10 కొత్తవి, 40 పాతవి పడతాయి. రోజుకు 50 కొత్తవి పెట్టుకుంటే పాతవే 200 అవుతాయి. మీకు మరుపు వస్తున్నది అందుకే, జ్ఞాపకశక్తి లోపం కాదు.

ప్రశ్న చేసేటప్పుడు ఆప్షన్లు చూడకముందే ఖాళీలో మీ తెలుగు మాట పెట్టండి. ‘తొలి ఫలితాలు ఆశలు రేపినా, నమూనాలు తక్కువ కావడంతో పరిశోధకులు ____గా ఉన్నారు’ అని ఉందనుకోండి. ‘రేపినా’ అన్న మలుపును బట్టి ‘ఆచితూచి’ అని తట్టాలి. అప్పుడు కాషస్ ఎంచుకుంటారు. హోస్టైల్ కూడా ప్రతికూలమే, కానీ పేరాలో శత్రుత్వం ఎక్కడా లేదు. పేరా చెప్పినదానికంటే ఘాటైన పదం ఎంచుకోవడమే ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. ఎటూ తేలకపోయినా ఖాళీ వదలొద్దు, నెగెటివ్ మార్కులు లేవు.

ప్రశ్న: మా అబ్బాయికి రూట్ పదాలు (ఇంగ్లిష్ మాటలు పుట్టిన మూలాలు) నేర్పిస్తే ఉపయోగమా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: కొంతవరకు. లాటిన్ ‘నోవ్’ మన ‘నవ’కు, ‘డెంట్’ మన ‘దంతా’నికి చుట్టాలే. అలా కలిపి చెబితే పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది. 40, 50 రూట్లు దాటనివ్వకండి. ఇన్ అంటే ‘కాదు’ అని నేర్చుకున్న పిల్లాడు ఇన్‌వాల్యుబుల్‌ను విలువలేనిదనుకుంటాడు, నిజానికి అది వెలకట్టలేనంత విలువైనది. అందుకే రూట్‌తో ఊహించిన అర్థాన్ని డిక్షనరీలో సరిచూశాకే కార్డు మీద రాయించండి.