రెండో స్క్రీన్ వెలగనప్పుడు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

అంబాజీపేట,
ఆదివారం సాయంత్రం.

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు మూడూ మళ్లీ మళ్లీ చూశాను. అమ్మకి బాగోలేదని హైదరాబాద్ నుంచి మలికిపురం వచ్చేసి, ఇంటి దగ్గర్నుంచే ఉద్యోగం చేసుకుంటున్నావు. ఆ రెండు స్క్రీన్ల మీదే నీ పనంతా నడుస్తోందని నాకు తెలుసు. రెండో మానిటర్ ఒకసారి వెలగట్లేదనీ, ఒకసారి రెండింట్లోనూ ఒకే బొమ్మ వస్తోందనీ నిన్న ఫోన్లో నీ టెన్షన్ విన్నాక నాకూ మనసు మనసులో లేదు. ఫోన్లో హడావిడిగా చెబితే సగం గాల్లో పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చేసి చూడు.

కొత్త డాక్ (హబ్ లాంటిదే, ఇంకా పెద్దది) ఆర్డర్ పెట్టేస్తానన్నావు. ఇంకో వారం ఆగు. నేను ముప్పై ఏళ్లు టెలిఫోన్ కేబుళ్ల మీద పనిచేశాను. లైను చచ్చిపోతే మేం ముందు పిల్లర్ (వీధిలో లైన్లు కలిసే పెట్టె) దగ్గర పరీక్ష పెట్టేవాళ్లం. అక్కడ టోన్ వస్తే తప్పు ఇంటివైపు, రాకపోతే ఎక్స్ఛేంజీ వైపు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో స్తంభాలు నేలకొరిగినప్పుడూ అదే పద్ధతిలో ఒక్కో లైనూ బతికించుకున్నాం. నీ టేబుల్ మీద ఉన్న లైను అంతకంటే పెద్దదేం కాదు. లాప్‌టాప్ పోర్టు, హబ్ (ఒక్క కన్నంలోంచి అన్నిటికీ పంచే డబ్బా), కేబులు, మానిటర్, ఈ నాలుగే. వీటిలో బొమ్మ ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవాలి.

ముందు అన్నీ ఆపి, వెలగని మానిటర్‌కి ఉన్న వీడియో కేబులు పీకేసి, ఆ మానిటర్‌కి మాత్రం కరెంటు ఇచ్చి ఆన్ చెయ్యి. ‘నో సిగ్నల్’ అనో, కేబులు లేదనో తెర మీద వస్తే తెర బాగానే ఉన్నట్టు. మానిటర్ మెనూలోకి వెళ్లి ఇన్‌పుట్ ఏది పెట్టి ఉందో చూడు. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ అనేవి రెండు రకాల వీడియో కన్నాలు. కేబులు హెచ్‌డీఎంఐ 1లో గుచ్చి, మెనూలో డిస్‌ప్లేపోర్ట్ ఎంచుకుని ఉంటే ఎంతసేపు చూసినా నలుపే.

ఆ తర్వాత మార్పిడి పరీక్ష. ఇది మాత్రం ఓపిగ్గా చెయ్యి. వెలిగే మానిటర్ కేబుల్ని వెలగని దానికి, దాని కేబుల్ని దీనికి మార్చు. మానిటర్ల వైపు చివరలు మాత్రమే మార్చు, హబ్ వైపు కదపకు. ఇప్పుడు రెండో మానిటర్ వెలిగి మొదటిది ఆరిపోతే తప్పు కేబుల్లోనో, హబ్ పోర్టులోనో ఉంది. మార్చినా అదే మానిటర్ ఆరిపోయి ఉంటే తప్పు దాని ఇన్‌పుట్‌లో ఉంది. తప్పు కేబుల్ వైపని తేలితే, ఈసారి హబ్ దగ్గర చివరలు మార్చు. ఆరిన మానిటర్ అదే ఉంటే కేబులు, రెండోది ఆరితే పోర్టు అని తేలిపోతుంది. ఒకసారికి ఒకటే మార్చాలి, ప్రతిసారీ ఫలితం కాగితం మీద రాసుకోవాలి. కంగారులో రెండు మార్చేస్తే, బొమ్మ వచ్చినా ఎందుకు వచ్చిందో తెలీదు. వారం తిరక్కుండా మళ్లీ పోతుంది.

ఇక హబ్ సంగతి. ఫోటోలో నీ రెండు స్క్రీన్ల మీదా ఒకే బొమ్మ కనబడింది. విండోస్ బటన్, పి కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకో. అప్పటికీ రెండూ ఒకటే చూపిస్తుంటే, సెట్టింగుల్లో డిస్‌ప్లే పేజీలో ఎన్ని గళ్లు ఉన్నాయో లెక్కపెట్టు. లాప్‌టాప్ తెరకి ఒకటి, బయట మానిటర్లకి రెండు, మొత్తం మూడు ఉండాలి. రెండే ఉంటే, నీ మానిటర్లు రెండింటినీ లాప్‌టాప్ ఒకటిగానే చూస్తోందన్నమాట. స్ప్లిటర్ పెడితే అలాగే ఉంటుంది. అది ఒకే బొమ్మని రెండు చోట్లకి పంచుతుంది తప్ప రెండు వేర్వేరు బొమ్మలు ఇవ్వలేదు. నాకూ ఒక షాపులో రెండు మానిటర్లకి ఇది చాలని అదే చేతిలో పెట్టారు. తిరిగి తీసుకోలేదు. నీ డబ్బు అలా పోకూడదనే ఇంత చెబుతున్నాను.

లాప్‌టాప్‌లో టైప్-సి కన్నం ఉన్నంత మాత్రాన దాంట్లోంచి బొమ్మ వస్తుందని లేదు. కొన్ని చార్జింగ్‌కీ, డేటాకీ మాత్రమే. కన్నం పక్కన బాణం మొన ఉన్న మెరుపు గుర్తు (థండర్‌బోల్ట్) గానీ, డి, పి అక్షరాలు కలిసిన గుర్తు గానీ ఉంటే వీడియో వస్తుంది. గుర్తు లేకపోయినా వచ్చేవి కొన్ని ఉన్నాయి కాబట్టి, లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్లో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ (టైప్-సి లోంచి వీడియో పంపే సదుపాయం) అని రాశారేమో చూడు.

నీ లాప్‌టాప్‌కి విడిగా హెచ్‌డీఎంఐ పోర్టు కూడా ఉంది, మూడో ఫోటోలో ఎడమవైపు కనబడింది. దాన్ని ఖాళీగా ఎందుకు ఉంచావమ్మా? ఒక మానిటర్ని నేరుగా దానికి పెట్టు, రెండోదాన్ని హబ్ మీద ఉంచు. నా అనుభవంలో సగం గొడవలు ఈ ఒక్క మార్పుతో తీరిపోయాయి.

ఎందుకో చెబుతాను. మన లొల్ల లాకులు గుర్తున్నాయి కదా? బొబ్బర్లంక నుంచి వచ్చిన నీళ్లు అక్కడ వేర్వేరు కాలువలకి విడిపోతాయి. పైన కాలువలో ఎంత నీరుంటే కిందకి అంతే పంచగలరు. తగ్గితే ముందు ఎండేది శివారు చేలు. హబ్ కూడా అంతే. లాప్‌టాప్ నుంచి వచ్చే ఒకే టైప్-సి దారిని అది రెండు మానిటర్లకీ, పెన్‌డ్రైవుకీ, నెట్ కేబులుకీ పంచాలి. 4కే తెరలో 3840 చుక్కలు అడ్డంగా, 2160 నిలువుగా ఉంటాయి. మామూలు 1920, 1080 తెరకి సరిగ్గా నాలుగు రెట్లు. రెండు 4కే మానిటర్లు ఒకే హబ్ మీద పెడితే చాలాసార్లు శివారు మానిటర్‌కి నీరందదు. ఒకటి నల్లగా ఉండిపోతుంది, లేదా సెకనుకి 60 సార్లు మారాల్సిన బొమ్మ 30కి పడిపోయి మౌసు ఈడ్చినట్టు కదులుతుంది. పరీక్షించడం తేలిక. రెండు మానిటర్లనీ 1920, 1080కి తగ్గించు. అప్పుడు రెండూ వెలిగితే ఏదీ చెడిపోలేదు, దారి చాలట్లేదంతే. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టయినా 4కే దగ్గర 30 హెర్ట్జ్ (సెకనుకి 30 సార్లు) వద్దే ఆగిపోతుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి, కేబులూ దానికి తగ్గది కావాలి. కేబులు రెండు మీటర్లు దాటనివ్వకు.

తమ్ముడి మ్యాక్‌బుక్ ఎయిర్‌కి అదే హబ్ పెడితే రెంటిలోనూ ఒకటే బొమ్మ వచ్చిందన్నావు. దాన్ని బట్టి హబ్ పాడైందని తేల్చకు. ఎం1, ఎం2 చిప్పుల ఎయిర్‌లు బయట ఒక్క మానిటర్‌కే ఒప్పుకుంటాయి. ఎం3 ఎయిర్ మూత మూసి ఉంచితే రెండింటిని నడుపుతుంది, ఎం4 మూత తెరిచి ఉన్నా నడుపుతుంది. డిస్‌ప్లేలింక్ చిప్పు (సాఫ్ట్‌వేర్ సాయంతో యూఎస్‌బీ దారిలో బొమ్మ పంపేది) ఉన్న డాక్ కొని, దాని సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఆ హద్దు దాటొచ్చు. కానీ నీది విండోస్ కాబట్టి ఆ ఖర్చు నీకిప్పుడు అక్కర్లేదు.

ఒక చిన్న తీగముక్కతో చాలామంది మోసపోతారు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చవక కేబులు ఒకవైపే పనిచేస్తుంది. హెచ్‌డీఎంఐ ఉన్న లాప్‌టాప్‌కి తిప్పి పెట్టి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కి గుచ్చితే బొమ్మ రాదు. అటువైపుకి వేరే యాక్టివ్ కన్వర్టర్ (సిగ్నల్‌ని మార్చే చిప్పున్నది) కావాలి.

ఇప్పుడు నువ్వు అడగని విషయం. స్క్రీన్ ఎక్కువగా సాయంత్రాలే ఆరి వెలుగుతోందన్నావు. మీ వెనక చెరువుల్లో ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వేసేది కూడా ఆ వేళకే కదా? పెద్ద మోటార్లు ఎత్తుకునేటప్పుడు వోల్టేజి ఒక్కసారి కిందకి కుంగుతుంది. ఫ్యాను స్విచ్చి వేసినప్పుడు కూడా తెర ఒక్క సెకను నల్లబడుతుందేమో గమనించు. స్విచ్చి నుంచి వచ్చే చిటుకు వీడియో కేబుల్లోకి చేరినా అలా జరుగుతుంది, అప్పుడు కవచం బాగున్న మంచి కేబులు వేస్తే సరిపోతుంది. ఏ టైముకి ఆరిందో రెండు రోజులు రాసి ఉంచు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఆరుతుంటే, ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉందేమో చూసి దాన్లోకి మార్చు.

లాప్‌టాప్ అంచు తాకితే చెయ్యి జివ్వుమంటోందని మాటల్లో అనేసి వదిలేశావు. నాకు అన్నిటికంటే భయం అదే. గోడ ప్లగ్గులో ఎర్త్ లేకపోయినా, చార్జర్‌కి రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టినా అలా అవుతుంది. ఆ స్థితిలో కేబుళ్లు పీకి పెడుతుంటే పోర్టులు కాలిపోవచ్చు. కాబట్టి పైన చెప్పిన మార్పిడి పరీక్ష కూడా లాప్‌టాప్, మానిటర్లు అన్నీ ఆపి, ప్లగ్గులు తీసేసి చెయ్యి. మూడు పిన్నుల ప్లగ్గులు వాడు, మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టు. దాని మీద మిక్సీ, ఇస్త్రీ పెట్టె పెట్టొద్దని అమ్మకి చెప్పు. ఉరుములు మొదలైతే ప్లగ్గులతోపాటు రౌటర్ నుంచి వచ్చే నెట్ కేబులు కూడా తీసెయ్యి.

సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలి ఉంటుంది. మా కేబుల్ జాయింట్లకి చిలుము పట్టినట్టే ఆ చిన్న పిన్నులకీ పడుతుంది. టార్చి వేసి ఆకుపచ్చగా గానీ నల్లగా గానీ ఉందేమో చూడు. ఉంటే అన్నీ ఆపేసి, కేబులు చివరని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టు. లాప్‌టాప్ కన్నంలో మాత్రం ఏదీ పొయ్యకు.

సాఫ్ట్‌వేర్ వైపు రెండు మాటలు చాలు. తెర ఉన్నట్టుండి చిక్కుబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కు, గ్రాఫిక్స్ డ్రైవరు మళ్లీ మొదలవుతుంది. డ్రైవరు లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే తీసుకో. ఆఫీసు లాప్‌టాప్ కాబట్టి ముందు మీ ఐటీ వాళ్లని అడిగి చెయ్యి.

వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. ప్లగ్గులో ఎర్త్ చూడ్డానికి మీటరు, ఒక మంచి హెచ్‌డీఎంఐ కేబులు తెస్తాను. నువ్వు రాసుకున్న కాగితం దాచి ఉంచు. అప్పటిదాకా ఒక మానిటర్ నేరుగా, ఒకటి హబ్ మీద పెట్టి పని నడుపుకో. చెయ్యి జివ్వుమనే ప్లగ్గు మాత్రం ఈ రాత్రి నుంచే వాడకు, హాల్లో ఫ్రిజ్ పక్కనున్న మూడు పిన్నుల దానికి మారిపో. అక్కడా జివ్వుమంటే అదీ ఆపేసి నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫర్వాలేదు. అమ్మకి మందులు టైముకి ఇస్తున్నావు కదా? అత్తయ్య పూతరేకులు చుట్టి పెట్టింది, అవీ తెస్తాను.

మీ మావయ్య